ఎన్నిక దేవుడిది, నమ్మకం ఎవరిది?

1618 నవంబరులో హాలండ్‌లోని డోర్డ్రెక్ట్ పట్టణంలో ప్రొటెస్టెంట్ పండితుల మహాసభ మొదలైంది. ఇంగ్లండ్, జెనీవా, జర్మన్ రాజ్యాల నుంచి కూడా ప్రతినిధులు వచ్చారు. ఆరు నెలలు సాగిన ఆ సభ ముందున్న అసలు ప్రశ్న ఇది: ఎవరు రక్షణ పొందుతారో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించాడా? నిర్ణయిస్తే దేన్ని చూసి?

ప్రశ్న పాతదే. యాకోబు, ఏశావు ఇంకా పుట్టకముందే, మంచీ చెడూ చేయకముందే దేవుడు ఒకరిని ఏర్పరచుకున్నాడని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు అంటాడు. మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని కోరిక అని తిమోతికి రాసిన మొదటి పత్రిక అంటుంది. ఐదో శతాబ్దంలో అగస్టీన్ మొదటి మాటను గట్టిగా పట్టుకున్నాడు. దేవుని వైపు తిరగాలన్న కోరిక కూడా కృప వల్లే పుడుతుందన్నాడు. మనిషి తలచుకుంటే పాపం లేకుండా బతకగలడన్న పెలేజియస్ బోధను 418లో కార్తేజ్ సభ తోసిపుచ్చింది. పదహారో శతాబ్దంలో జాన్ కాల్విన్ మరింత ముందుకు వెళ్లాడు. కొందరిని నిత్యజీవానికీ, కొందరిని నిత్యశిక్షకూ దేవుడే నియమించాడని రాశాడు.

కాల్విన్ వారసుడు బీజా దగ్గర చదువుకున్న డచ్ పాస్టర్ అర్మీనియస్‌కు ఇది మింగుడుపడలేదు. 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక తోటి ఆచార్యుడు గోమారస్‌తో ఆయన వాదం ముదిరింది. అర్మీనియస్ దేవుని ఎన్నికను కాదనలేదు. కృప లేకుండా మనిషి ఒక్క అడుగైనా వేయగలడనీ అనలేదు. ఎవరు నమ్ముతారో దేవుడికి ముందే తెలుసు, వారినే ఆయన ఎన్నుకున్నాడు అన్నాడు. అందిన కృపను వద్దనే వీలు మనిషికి ఉందన్నాడు. ఆ వీలు లేదంటే పాపానికి దేవుడే కర్త అవుతాడన్నది ఆయన భయం.

అవతలి పక్షం భయం వేరు. రక్షణ చివరికి మనిషి ఒప్పుకోలు మీదే నిలిస్తే, ఒప్పుకున్నవాడు ఒప్పుకోని పొరుగువాడి కంటే తానే మెరుగని చెప్పుకోడా? రేపు అతని విశ్వాసం సడలితే రక్షణ కూడా జారిపోతుందా? ఒకరు దేవుని న్యాయానికి కాపలా కాస్తే, మరొకరు ఆయన ఉచిత దానానికి కాపలా కాశారు.

1609లో అర్మీనియస్ చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు ఐదు అంశాల విన్నపం సమర్పించారు. అక్కడి నుంచి వాదంలోకి రాజకీయం దిగింది. హాలండ్ నేత ఓల్డెన్‌బార్నెవెల్ట్ వారికి అండగా నిలిచాడు. స్పెయిన్‌తో సంధి విషయంలో ఆయనతో విభేదించిన సేనాని మారిస్ అవతలి పక్షం చేరాడు. సభ తీర్పు అర్మీనియన్లకు వ్యతిరేకంగా వచ్చింది. దాదాపు 200 మంది పాస్టర్లు పదవులు పోగొట్టుకున్నారు. 1619 మే 13న 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు రాజద్రోహ నేరం కింద శిరచ్ఛేదం చేశారు.

అయినా సభ తీర్మానాలు గోమారస్ కోరినంత కఠినంగా లేవు. దేవుడు ఎన్నుకున్నది పాపంలో పడిన మానవజాతి నుంచేనన్నాయి. సువార్తను మాత్రం తేడా లేకుండా అందరికీ ప్రకటించాలన్నాయి.

వాదం అక్కడితో ఆగలేదు. 1739లో జాన్ వెస్లీ, కృప అందరికీ ఉచితమని ప్రసంగించి కాల్విన్ బోధను ఎదిరించాడు. దాంతో మిత్రుడు వైట్‌ఫీల్డ్‌తోనే తగాదా వచ్చింది. వెస్లీ వారసులైన మెథడిస్టులు తర్వాత మెదక్ ప్రాంతానికి వచ్చారు. కాల్విన్ బోధలో పుట్టిన కాంగ్రిగేషనల్ సంప్రదాయం లండన్ మిషన్ ద్వారా రాయలసీమకు చేరింది. 1947లో ఈ రెండు పాయలూ దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. ఎన్నిక గురించిన చిక్కుముడి విప్పాకే కలుద్దామని ఎవరూ పట్టుబట్టలేదు. రక్షణ పొందినవాడు గొప్పలు చెప్పుకోరాదన్న విషయంలోనూ, సువార్త ఎవరికీ నిరాకరించరాదన్న విషయంలోనూ రెండు పక్షాలకూ మొదటి నుంచీ పేచీ లేదు. ఒకే సంఘంగా బతకడానికి ఆ రెండూ సరిపోయాయి.