జోడెద్దు
నాగలికి, బండికి కట్టే జతలో ఒక ఎద్దుకు తోడైన రెండవదానిని జోడెద్దు అంటారు. జతలో ఒకటి చనిపోతే, మందగా బ్రతికే జంతువు కనుక మిగిలినది బెంగతో అరుస్తుంది. మేత కూడా తగ్గించవచ్చును. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మెట్టభూములలో ఎద్దులపై ఆధారపడిన రైతుకు సేద్యమూ ఆగిపోతుంది.

ఒంగోలు జాతి ప్రధానంగా తెలుపే కనుక రంగు సులువుగానే కలుస్తుంది. కలవవలసినవి ఎత్తు, నడక, వయసు. ఎత్తు కుదరకపోతే కాడి ఒరిగి మెడ పుండుపడుతుంది. వయసును క్రింది దవడ ముందుపళ్ళతో గుర్తిస్తారు: సుమారు 2 ఏళ్ళకు మొదటి రెండు శాశ్వత పళ్ళు, 4 ఏళ్ళు దాటాక ఎనిమిదీ వస్తాయి. ఆపైన అరుగుదలను బట్టి అంచనాయే. సంతలో మోసపోయేది ఇక్కడే. చనిపోయినది దాపట, అనగా ఎడమవైపు, నడిచినదైతే క్రొత్తదీ దాపటికి అలవాటుపడినదై ఉండాలి.

తెచ్చిన ఎద్దును వ్యాధిభయం వలన కొన్ని వారాలు విడిగా ఉంచి, పిదప ఒకే కొట్టంలో కట్టి, బరువులేని కాడితో కలిపి నడిపిస్తారు.