మన ఇంటి ఈర్పెన

పిల్లలూ, మీ ఇంట్లో ఈర్పెన ఉన్నదా? అమ్మనో, నాయనమ్మనో అడిగి ఒకసారి తెచ్చి చూడండి. మామూలు దువ్వెనకు ఒకవైపే పళ్ళుంటాయి. ఈర్పెనకు రెండువైపులా ఉంటాయి. కొన్నింటికి ఒకవైపు పళ్ళు కాస్త ఎడంగానూ, రెండోవైపు పళ్ళు బాగా దగ్గర దగ్గరగానూ ఉంటాయి. ఎడం పళ్ళు చిక్కు తీయటానికి, దగ్గర పళ్ళు పేలనూ, ఈపులనూ లాగటానికి.

ఇప్పుడొక వింత సంగతి చెబుతాను. ఇప్పటి ఇజ్రాయెల్ దేశంలో పూర్వం లాకీషు అనే పెద్ద పట్టణం ఉండేది. ఆ శిథిలాలను తవ్వుతుండగా 2016లో ఏనుగుదంతంతో చేసిన చిన్న దువ్వెన ఒకటి దొరికింది. దాని పొడవు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. దానికి కూడా రెండువైపులా పళ్ళే! ఒకవైపు ఆరు లావుపాటి పళ్ళు, రెండోవైపు పధ్నాలుగు సన్నపళ్ళు. దాని వయసు సుమారు 3,700 ఏళ్ళు. దానిమీద ఎవరో సన్నగా గీసిన అక్షరాలున్నాయి. అవి ఎంత సన్నవంటే, దువ్వెన దొరికిన తరువాత కొన్నేళ్ళదాకా ఎవరి కంటా పడలేదు. పండితులు వాటిని చదివి 2022లో ప్రకటించారు. ఆ కాలపు కనాను లిపిలో పూర్తి వాక్యంగా దొరికిన వ్రాతల్లో అది అతి పాతది.

అంత పాత వాక్యంలో ఏమున్నదనుకుంటున్నారు? రాజుగారి దిగ్విజయమా? దేవుడి స్తోత్రమా? రెండూ కాదు. ఈ దువ్వెన జుట్టులో ఉన్న పేలనూ, గడ్డంలో ఉన్న పేలనూ ఊడ్చెయ్యాలని కోరుకుంటూ రాసుకున్నారు, అంతే! దువ్వెన పంటిమీద పేను పిల్ల తాలూకు పొర ముక్కలు కూడా కనిపించాయి.

ఇందులో ఇంకొక సంగతి గమనించాలి. ఆ కాలాన ఆ ప్రాంతంలో ఏనుగులు లేవు. దంతం దూరదేశం నుంచి తెప్పించుకోవాలి. అంటే ఆ దువ్వెన కలవారి ఇంటిది. కలవారికీ పేలున్నాయన్నమాట.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పాను. ఈ చిన్న సంగతి నాకు మొదట్లోనే తెలిసి ఉంటే ఒక పొరపాటు చేసి ఉండేవాణ్ణి కాను.

1996లో నేనొక పల్లెటూరి బడికి ప్రధానోపాధ్యాయుడిగా వెళ్ళాను. అక్కడ అయిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో మహా చురుకు. అస్తమానం తల గోక్కుంటూ ఉండేది. ఒకనాడు ఆమె జడమీద పేను పాకటం చూసి పక్కపిల్ల కెవ్వున అరిచింది. తరగతి తరగతంతా నవ్వింది. నేను ఆ నవ్వును ఆపి ఊరుకోవలసింది. ఊరుకోక, ఆమెను లేపి వెనకబల్లమీద ఒంటరిగా కూర్చోబెట్టాను. "రేపు శుభ్రంగా రా!" అని కూడా అన్నాను. మిగతా పిల్లల మేలు కోరే ఆ పని చేశాననుకున్నాను.

మర్నాడు ఆమె బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగోనాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చి, "గుండు చేయించామండీ, మేష్టారూ. ఇక తలలో ఒక్కటీ లేదండి. కాని పిల్ల గడప దాటి రానంటున్నదండి," అన్నది. లోపల ఆ అమ్మాయి తలకు తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

ఆ ఆదివారం మా ఇంట్లో మా ఆవిడ మా అమ్మాయి తల దువ్వుతూ, "ఏమండీ, ఒకసారి ఇటు చూడండి," అన్నది. చూద్దును గదా, ఈర్పెన పళ్ళలో మూడు పేలు! మా అమ్మాయి కూడా ఆ బళ్ళోనే మూడో తరగతి చదువుతున్నది. ఎవరి తలలోనుంచి ఎవరి తలలోకి ఎక్కాయో ఎవరు చెప్పగలరు?

అప్పుడు నేను పేను సంగతి శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను. మీరూ వినండి. పేను నువ్వుగింజంత ఉంటుంది. దానికి రెక్కలు లేవు, ఎగరలేదు. మిడతలాగా గెంతనూ లేదు. దానికున్నవి ఆరు కాళ్ళు, ఒక్కొక్క కాలి చివర ఒక కొక్కెం. ఆ కొక్కేలతో వెంట్రుకను పట్టుకుని చకచకా పాకుతుంది. రెండు తలలు ఆనుకున్నప్పుడు ఒకరి వెంట్రుక మీదనుంచి రెండోవారి వెంట్రుక మీదికి దాటుతుంది. ఒకే మంచంమీద పడుకున్న అక్కచెల్లెళ్ళకూ, ఒకే ఫోనులో ఆట చూస్తూ తలలు ఆనించి కూర్చున్న నలుగురు స్నేహితులకూ పేలు ఎలా పంచుకు వస్తాయో ఇక వేరే చెప్పనక్కరలేదు.

పేను తాగేది నెత్తురు. తల మురికిగా ఉన్నదా, శుభ్రంగా ఉన్నదా అన్నదానితో దానికి పని లేదు. నిన్ననే తలంటి పోసుకున్న తలలో కూడా సుఖంగా కాపరం పెడుతుంది. తలంటినంత మాత్రాన అది చావదు కూడా. నీళ్ళలో మునిగినా కొన్ని గంటలపాటు బతకగలదు. తలనుంచి విడివడి నేలమీద పడిందా, తిండిలేక ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. తలపేలవల్ల మరే జబ్బూ అంటుకోదు గాని, గోకి గోకి పుండు చేసుకుంటే ఆ పుండు చీము పట్టవచ్చు. దురద పుట్టేది పేను లాలాజలం మన చర్మానికి పడకపోవటం వల్ల. మొదటిసారి పేలు పట్టినవారికి దురద తెలియటానికి నాలుగైదు వారాలు కూడా పట్టవచ్చు. కాబట్టి గోక్కునేవాడి తలలోనే పేలున్నాయనీ, గోక్కోనివాడి తల శుభ్రమనీ అనుకోవటం తప్పు. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

సోమవారం నాడు బడికి వెళ్ళి, పిల్లలందరి ముందూ, "మా అమ్మాయి తలలో పేలు దొరికాయి," అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక పిల్లవాడు లేచి, "మా చెల్లికి కూడా ఉన్నాయండీ," అన్నాడు. తరువాత ఇంకొకరు లేచారు. గంట కొట్టేలోపల తొమ్మిదిమంది తేలారు.

అప్పటినుంచి శనివారం బడి వదిలేటప్పుడు ఒక మాట చెప్పి పంపేవాళ్ళం: "రేపు ఈర్పెన వారం." పేలున్నవారికని కాదు, అందరికీను. పిల్లలకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కొందరు ఆదివారం అనటం మానేసి ఈర్పెన వారమనే అనసాగారు.

ఈర్పెన వారం నాడు చెయ్యవలసిన పని ఇది. తలంటి పోసుకున్నాక, జుట్టు ఇంకా తడిగా ఉండగానే కాస్త కొబ్బరినూనె రాసి, మామూలు దువ్వెనతో చిక్కు తీసెయ్యాలి. తడితోనూ, జిడ్డుతోనూ ఉన్న జుట్టులో పేను చురుకుగా పాకలేదు. మంచి వెలుతురులో కూర్చుని, జుట్టును పాయలు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను కుదురునుంచి కొసదాకా ఈర్పెనతో దువ్వాలి. దువ్విన ప్రతిసారీ ఈర్పెనను తెల్లగుడ్డకు తుడిచి చూడాలి. చెవుల వెనకా, మెడపైనా మరీ జాగ్రత్తగా చూడాలి. పేలకు అవి ఇష్టమైన చోట్లు.

పేలు కనిపిస్తే ఒక్కరోజుతో పని కాదు. ఆడపేను రోజుకు ఆరేడు గుడ్లు పెట్టగలదు. వాటినే ఈపులంటాము. కుదురు దగ్గర వెంట్రుకకు బంక పెట్టినట్టుగా అంటించి పెడుతుంది. అవి పొదగటానికి వారం పది రోజులు పడుతుంది. ఇవాళ పేలన్నిటినీ తీసేసినా, మిగిలిన ఈపులలోనుంచి వచ్చేవారానికి కొత్త పిల్లలు బయలుదేరుతాయి. అందుచేత మూడు నాలుగు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు దువ్వాలి. డాక్టరుగారు ఇచ్చే మందు కూడా సాధారణంగా ఒకసారి రాసి, వారం పది రోజులకు మళ్ళీ రాయమనేది ఇందుకే. దువ్వెనలను వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచటం పెద్దవాళ్ళ పని. పిల్లలు వేడినీళ్ళ జోలికి పోవద్దు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. కిరసనాయిలు, పొలానికి కొట్టే మందు, చీమలమందు ఎన్నటికీ పిల్లల తలకు రాయకండి. కిరసనాయిలు రాసిన తల పొయ్యి దగ్గరికి వెళితే భగ్గుమంటుంది. పురుగుమందు చర్మంగుండా ఒంట్లోకి పోతుంది. పేనువల్ల ఏ పిల్లా చావదు, కాని ఈ మందులవల్ల చావవచ్చు.

ఇక మిగిలిన ఆరు రోజుల సంగతి చూద్దాం. మగపిల్లలు ఇది జడలవాళ్ళ వ్యవహారమని పేజీ తిప్పెయ్యకండి, మీకూ తలలున్నాయి!

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి నెలకు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. చర్మం లోపల ఉన్న కుదురుకే ప్రాణమున్నది. పైకి కనిపించే వెంట్రుక గోరులాంటిది, దానికి ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదు, పీకితే ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుకమీద సన్నని పొలుసులు, పెంకుటింటి మీద పెంకుల్లాగా, ఒకదానిమీద ఒకటి పరిచి ఉంటాయి. ఒళ్ళు గీరుకుంటే చర్మం మళ్ళీ వస్తుంది. వెంట్రుకకు ప్రాణం లేదు గనక, లేచిపోయిన పొలుసు మళ్ళీ రాదు. బరబరా దువ్వవద్దని అమ్మ అనేది ఊరికే కాదు.

దువ్వేటప్పుడు పైనుంచి కిందికి ఒక్క లాగు లాగితే చిక్కులన్నీ కింద ముడిపడతాయి. ముందు కొసలు దువ్వి, చిక్కు వదిలాక కాస్త పైనుంచి, ఇంకాస్త పైనుంచి దువ్వుకుంటూ రావాలి. తడిజుట్టు సాగి తెగుతుంది. కాబట్టి తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఎడంపళ్ళ దువ్వెనతోనే చిక్కు తీయాలి. ఈర్పెన పని ఆ తరువాతనే. ఆరకముందే జడ బిగించి వెయ్యకూడదు. నుదుటి దగ్గర వెంట్రుకలు లాగేటంత బిగువుగా రోజూ రెండు జడలు మడిచి కడితే అక్కడి జుట్టు పలచబడుతుంది. దువ్వెనలో రోజుకు యాభై, వంద వెంట్రుకలు కనిపిస్తే బెంగపడవద్దు. వాటి కాలం తీరి రాలినవి, వాటి చోట కొత్తవి వస్తాయి.

నూనె మాటకొస్తే, కొబ్బరినూనెను మన పెద్దవాళ్ళు ఊరికే మెచ్చుకోలేదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, దానిలోని మాంసకృత్తులు కడుగుకుపోకుండా కాపాడుతుందని తేలింది. అంతేగాని నూనె తాగి జుట్టు పెరగదు. కుదురుకు తిండి నెత్తురుద్వారా అందుతుంది. కాబట్టి పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు మీ పళ్ళెంలో ఉంటే, జుట్టుకు పెట్టవలసింది పెట్టినట్టే.

తలంటు వారానికి ఒకసారో, రెండుసార్లో చాలు. చెమటపట్టి ఆడే పిల్లలకు ఇంకొకసారి కావలసిరావచ్చు. కుంకుడుకాయలోనూ, శీకాయలోనూ సపోనిన్ అనే పదార్థమున్నది. నురగ దానిదే. జిడ్డును నీళ్ళతో కలిపి కొట్టుకుపోయేట్టు చేసేదీ అదే. షాంపూ చేసే పనీ ఇంచుమించు ఇదే. కుంకుడు రసం కళ్ళలో పడితే మాత్రం మా కాలంలో వీధి చివరిదాకా వినపడేటట్టు ఏడ్చేవాళ్ళం. ఏది వాడినా కళ్ళు గట్టిగా మూసుకోండి, జిగురు లేకుండా బాగా కడుక్కోండి. మీ దువ్వెన మీకే ఉండాలి. పక్కవాళ్ళది అడగవద్దు, మీది ఇవ్వవద్దు.

వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుందన్నాను గదా. ఆ అమ్మాయి బడికి తిరిగివచ్చిన నాటికి ఆమె తలమీద రెండు సెంటీమీటర్ల జుట్టున్నది. లెక్క మీరే వేసుకోండి. ఆ రోజుల్లో భిన్నాల పాఠం మొత్తం అయిపోయింది. ఆమె వచ్చి మొదటి వరసలో తన చోటనే కూర్చున్నది. నేను పాత సంగతేమీ ఎత్తలేదు. బడి వదిలాక, "భిన్నాలు మా ఇంట్లో చెబుతాను, వస్తావా?" అని అడిగాను. కాసేపు నావంక చూసి తలూపింది. ఇరవై రోజులపాటు సాయంత్రాలు మా అరుగుమీద ఆమే, మా అమ్మాయీ పలకలు పట్టుకుని కూర్చునేవారు. మా ఆవిడ వెనక కూర్చుని, మా అమ్మాయి తల ఈర్పెనతో దువ్వుతూ ఉండేది.