ఆవకాయతో పాటు అప్పు లెక్కా కట్టి పంపండి

మే నెల వచ్చిందంటే కొన్ని తెలుగిళ్లలో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. వంటింట్లో ఆవకాయ కలపడం, హాల్లో లాప్‌టాప్ ముందు వీసా స్లాటు కోసం కాచుకుని కూర్చోవడం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫాల్ సెమిస్టర్ సాధారణంగా ఆగస్టులో మొదలవుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లను విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే ఆ దేశంలోకి రానిస్తారు, అంతకన్నా ముందు వెళ్లడానికి లేదు. అందుకే ప్రయాణాలన్నీ జూలై ఆఖరు, ఆగస్టు మొదటి వారాల్లోనే వచ్చి పడతాయి. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. 2009 తర్వాత మనవాళ్ల సంఖ్య చైనా విద్యార్థులను దాటడం అదే మొదటిసారి. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో చూడాలంటే ఆగస్టులో ఒక రాత్రి శంషాబాద్ విమానాశ్రయం దాకా వెళ్తే చాలు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎవరూ మరిచిపోనివి అవే. ఐ-20 రావాలి, సెవిస్ రుసుము 350 డాలర్లు కట్టాలి, వీసా దరఖాస్తు డీఎస్-160 నింపాలి, వేలిముద్రలకు ఒక రోజు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ఇంకో రోజు వెళ్లాలి. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు. ఇంటర్వ్యూకి ముందు చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. ఇవన్నీ సవ్యంగానే జరిగిపోతాయి.

మరుపున పడేది టీకాల కార్డు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ రెండు డోసులు పడ్డాయని రుజువు చూపమని చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. చిన్నప్పటి కార్డు ఏ బీరువా అడుగునా దొరక్కపోతే మళ్లీ వేయించుకోవలసి రావచ్చు. ప్రయాణం పది రోజుల్లో ఉందనగా గుర్తొస్తే రెండో డోసుకు టైమే ఉండదు. పళ్లూ అంతే. అక్కడ పంటి వైద్యం బాగా ఖరీదు, విద్యార్థుల ఆరోగ్య బీమాలో చాలాచోట్ల అది ఉండదు. పుచ్చు పన్ను ఉంటే జూన్‌లోనే చూపించుకోవాలి. కళ్లజోడు వాడేవాళ్లు ఇంకో జత చేయించుకోవాలి.

ఇక పెట్టెలు సర్దడం. అమెరికా వెళ్లే చాలా విమానాల్లో 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతిస్తారు. ఆ 46 కిలోల మీద ఇల్లంతా వారం రోజులు తర్జనభర్జన పడుతుంది. నాన్న కొక్కెం తూకం తగిలించి పెట్టెను నేల మీంచి పైకెత్తి పట్టుకుంటే, చెల్లి వంగి అంకె చదువుతుంది. ‘ఇరవై నాలుగుంపావు!’ పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది. అబ్బాయి కందిపొడి తీయబోతే వాళ్లమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ‘ఆ జీన్స్ ప్యాంటు తియ్యి, అక్కడ కొనుక్కోవచ్చు’ అంటుంది. ఆమె అన్నది సబబే. బట్టలు ఎక్కడైనా దొరుకుతాయి.

అయితే ఏవి పెట్టకూడదో ఆ తల్లికి ముందే తెలిసి ఉంటే శ్రమ వృథా కాదు. మాంసం కలిసిన పచ్చళ్లను మన దేశం నుంచి ప్రయాణికులు తీసుకెళ్తే అక్కడ రానివ్వరు. చికెన్ పచ్చడి ఎంత నూనెలో వేగినా, ఎంత గట్టిగా సీలు వేసినా పోయేది చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు కూడా కుదరదంటే చాలామంది నమ్మరు. దానికి కారణం ఉంది. కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానిదే. సైలిడ్ అనే చిన్న పురుగు దాని మీద బతుకుతుంది. సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును నారింజ తోటలకు అంటించేది ఆ పురుగే. 2005లో ఫ్లోరిడాలో ఈ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మనకు తాలింపులో వేసే రెబ్బ అయినా, అక్కడి రైతుకు అది తోటకు ముప్పు. బియ్యాన్నీ ఖప్రా పురుగు భయంతో రానివ్వరు. సోనామసూరి అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది కాబట్టి దిగులక్కర్లేదు. ఆవకాయ, పొడులు, చింతపండు వంటివి సరే గానీ, తినే వస్తువు ఏది ఉన్నా దిగగానే కస్టమ్స్ వాళ్లకు చెప్పాలి. చెబితే పనికిరానిది తీసి పక్కన పెడతారు, అంతే. దాచి దొరికితే జరిమానా పడుతుంది.

మిక్సీ మోసుకెళ్లడం దండగ. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడి మిక్సీ అక్కడ సరిగా తిరగదు. ఫోను, లాప్‌టాప్ చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. కుక్కర్‌కు కరెంటుతో పని లేదు, దాన్ని నిక్షేపంగా పెట్టుకోవచ్చు. కుక్కర్ ఇచ్చే ముందు వంట నేర్పాలి కదా! జూన్ నుంచే వారానికి రెండు రోజులు వంటిల్లు పిల్లలకు వదిలేసే తల్లులను చూశాను. ‘ఉప్పు సరిపడా’ అంటే అబ్బాయికి అర్థం కాదు. అందుకని ఆమె గుప్పిట్లోంచి చెంచాలోకి పోసి కొలిచి చూపిస్తే అతను ఫోనులో రాసుకుంటాడు. పప్పు, చారు, రెండు వేపుళ్లు వస్తే మొదటి సెమిస్టర్ గడిచిపోతుంది.

తేదీల దగ్గర పెద్దవాళ్లతో పేచీ వస్తుంది. టికెట్ చవగ్గా దొరికిన రోజు అమావాస్య కావచ్చు. దీనికి మన పెద్దలే దారి చూపించారు. ముందుగా ఒక మంచి గడియలో చిన్న సంచి పొరుగింట్లో పెట్టి, బయలుదేరే రోజు దాన్ని తీసుకుని వెళ్తారు. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. ఈ పద్ధతి నాకు ఇష్టం. అమ్మమ్మ మనసు నొప్పించకుండా టికెట్ డబ్బు మిగులుతుంది.

ఇంత శ్రద్ధగా గ్రాముల లెక్క చూసుకునే ఇంట్లో లక్షల లెక్క మాత్రం నాన్న ఒక్కడి గుండెల్లోనే ఉండిపోతుంది. ‘నువ్వు చదువుకో నాన్నా, డబ్బు సంగతి నేను చూసుకుంటా’ అంటాడు. ప్రేమతో అనే మాటే. అయినా అది పిల్లలకు మేలు చేయదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విద్యా రుణం ఎలా పెరుగుతుందో చూడండి. చదువుకునే కాలం, ఆపైన సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదంటారు. వాయిదాలు ఆగుతాయి గానీ వడ్డీ ఆగదు. 30 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి 3.3 లక్షలు, అంటే నెలకు 27,500 రూపాయలు. రెండేళ్ల చదువు, ఏడాది గడువు కలిపి మూడేళ్లకు బారువడ్డీయే 9.9 లక్షలు. అది అసలుకు చేరితే అప్పు దాదాపు 40 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 55 వేలు కట్టాలి. చదువు రోజుల్లోనే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే అసలు 30 లక్షల దగ్గరే ఆగి, వాయిదా 41 వేలకు తగ్గుతుంది. రుణం సెమిస్టర్ల వారీగా విడుదలైతే వడ్డీ ఇంతకన్నా కొంత తక్కువ పడుతుంది, కానీ పెరిగే తీరు ఇదే.

దీనికి డాలరు తోడవుతుంది. 2014లో డాలరు 60 రూపాయల చుట్టూ ఉండేది, 2024 డిసెంబరులో 85 దాటింది. 20 వేల డాలర్ల ఫీజు అప్పట్లో 12 లక్షలైతే, తర్వాత 17 లక్షలైంది. రెండో ఏడాది ఫీజు ఇవాళ్టి ధరకే లెక్కవేసుకుంటే ఇంట్లో అందరూ ఇబ్బంది పడతారు.

అబ్బాయి సంపాదించి పంపుతాడులే అనుకునేవాళ్లు అక్కడి నిబంధనలు తెలుసుకోవాలి. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసా హోదాకే ముప్పు. చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ చదువులకు మరో 24 నెలలు ఉంటుంది. అయితే ఆ మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఇక్కడ బ్యాంకు గడువు ముగిసే వేళకు అక్కడ ఈ రోజుల లెక్క నడుస్తుంటుంది. ఇల్లు తాకట్టులో ఉందని అప్పుడు బంధువుల నోట తెలిస్తే ఆ పిల్లాడి పరిస్థితి ఏమిటి?

కొన్నిచోట్ల ఇంకో పని జరుగుతోంది. వీసా కోసం వేరేవాళ్ల డబ్బు కొన్నాళ్లు ఖాతాలో వేయించి, కమీషన్ ఇచ్చి ‘ఫండ్స్ చూపించడం’. అది అబద్ధపు సాక్ష్యం. బయటపడితే పోయేది పిల్లల భవిష్యత్తు. బయటపడకపోయినా ఆ డబ్బు లేనట్టే కదా, ఫీజు ఎవరు కడతారు?

నిజం దాచిన ఇంటి పిల్లలు తమ కష్టమూ దాస్తారు. డాలస్‌కు మనకూ వేసవిలో పదిన్నర గంటలు, నవంబరు నుంచి పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం ఏడింటికి వీడియో కాల్ చేస్తే వేసవిలో అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. ‘తిన్నావా?’ అంటే తిన్నానంటారు. ‘డబ్బులున్నాయా?’ అంటే ఉన్నాయంటారు. ముందే అన్నీ మాట్లాడుకున్న ఇంట్లో ఆ రెండో ప్రశ్నకు నిజమైన జవాబు వస్తుంది.

అందుకే నా మనవి. టికెట్ కొనకముందే ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చోండి. బ్యాంకు వాళ్లిచ్చిన శాంక్షన్ లెటర్ పిల్లల చేతే పైకి చదివించండి. నెలకు ఎంత పంపగలరో, ఉద్యోగం ఆలస్యమైతే ఎన్ని నెలలు తట్టుకోగలరో అంకెల్లో చెప్పండి. అంతా విన్నాక మీ అమ్మాయి ‘ఏడాది ఆగి వెళ్తాను’ అన్నా, ‘ఫీజు తక్కువున్న చోటికే వెళ్తాను’ అన్నా తీసిపారేయకండి. ఆ అప్పు మీద సంతకం ఆమెది కూడా.