కారు సెన్సరు మార్చునప్పుడు: కంపెనీ సరకా? బజారు సరకా?

ఒకప్పుడు రైతు యింట బండి యనిన ఎడ్లబండియే. ఇరుసు విరిగిన వడ్రంగియు, చక్రపు పట్టా సడలిన కమ్మరియు ఊరనే యుండిరి. చెడినదేదో మన కంటికే కనబడుచుండెను. నేడు మన సభ్యులలో పలువురికి కార్లు కలవు. వీని మరమ్మతు అట్టిది కాదు. డాష్‌బోర్డుమీద ఇంజను దీపము వెలుగును. మెకానిక్కు స్కానరు తగిలించి, “సెన్సరు పోయినది, కంపెనీది వేయుదునా, బజారుది వేయుదునా?” అని యడుగును. రెంటి వెలలకును చాల అంతరము. ఏమి బదులు చెప్పవలయునో సభ్యుల యుపయోగార్థమై యిచట వివరించుచున్నాము.

సెన్సరు చేయు పని

ఇంజనులోనికి ఎంత గాలి పోవుచున్నది, ఎంత వేడి యెక్కినది, పొగలో ఆక్సిజను ఎంత మిగిలినది అను విషయములను కనిపెట్టి, ఈసీయూ అను కంప్యూటరు పెట్టెకు తెలుపుట సెన్సరు పని. ఆ మాట నమ్మి పెట్టె ఇంధనమును కొలిచి పంపును. పూర్తిగా చెడిన సెన్సరును పెట్టె పసికట్టి దీపము వెలిగించును. కొంచెము తప్పుగా చెప్పుదానిని మాత్రము చాలకాలము నమ్ముచునే యుండును. కావున నాసిరకపు సరకువలన భయమంతయు ఇక్కడనే కలదు.

పెట్రోలు కార్ల పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరును చూడుడు. దీనిని బాష్ కంపెనీ తయారుచేయగా 1976లో వోల్వో కార్లలో మొదట అమర్చిరి. సాధారణ రకమునందు జిర్కోనియా అను పింగాణీ ముక్క యుండును. అది సుమారు 300 డిగ్రీలకు పైగా వేడెక్కిన పిమ్మట, పెట్రోలు తక్కువైన 0.1 వోల్టు, ఎక్కువైన 0.9 వోల్టు ప్రాంతమున సంకేత మిచ్చును. ఇది తప్పు చెప్పినచో పెట్రోలు వృథాగా పోవుటయే గాక, ప్లాటినము, పల్లాడియము, రోడియము పూసిన క్యాటలిటిక్ కన్వర్టరు మాడి చెడును. దాని వెల సెన్సరు వెలకు ఎన్నోరెట్లు.

ముందు పరీక్ష, పిదప కొనుగోలు

స్కానరు చూపునది ఏ మార్గమున లెక్క తప్పినదో మాత్రమే. సెన్సరే చెడినదని కాదు. ధాన్యము నిలువచేయు పాకలో కారు నిలిపినచో ఎలుకలు తీగలు కొరుకును. వాననీరు చేరి కనెక్టరు చిలుము పట్టును. పొగగొట్టమునకు పగులున్న బయటిగాలి లోన చేరి, మంచి సెన్సరుకూడ తప్పు లెక్క చూపును. అట్టిచో ఎంత విలువగల సెన్సరు వేసినను దీపము మరల వెలుగును. తీగ, కనెక్టరు, గొట్టము చూపించుకొనక డబ్బు చెల్లింపరాదు.

సరకులలో రకములు

కార్ల కంపెనీలు సామాన్యముగా సెన్సర్లను తాము చేయవు. బాష్, డెన్సో, ఎన్.టి.కె. వంటి తయారీదారులవద్ద కొని తమ ముద్ర వేయుదురు. ఆ తయారీదారులే అట్టి సరకును తమ సొంత పెట్టెలో బజారున నమ్ముటయు కలదు. నంబరు సరిపోయినచో ఇది తరచు తక్కువ వెలకు దొరకు మంచి సరకు. మూడవది ఇతర తయారీదారులు చేసినది. ఇందు మంచియు కలదు, చెడ్డయు కలదు. నాలుగవది పేరుగల కంపెనీ పెట్టెను అనుకరించిన నకిలీ. విత్తనపు సంచుల విషయమున ఈ మోసము మన మెరిగినదే.

ఎక్కడ ఏది

ఇంజను నీటి వేడిమిని తెలుపు సెన్సరు నిర్మాణము సులభము, మీటరుతో పరీక్షింపవచ్చును. దీనికి పేరుగల బజారు సరకు చాలును. క్రాంకు సెన్సరు అట్లు గాదు. నాసిరకపుది చల్లగా నున్నప్పుడు చక్కగా పనిచేసి, వేడెక్కిన పిదప నడిరోడ్డున ఇంజను నాపివేయవచ్చును. రాత్రివేళ రోగిని ఆసుపత్రికి గొనిపోవుచుండగా ఇట్లు జరిగిన, మిగిల్చిన రూకలు ఏపాటి? చక్రములకడ నుండు ఏ.బి.ఎస్. సెన్సరు తడిరోడ్డుమీద బ్రేకు వేసినప్పుడు ప్రాణరక్షణకు సంబంధించినది. క్రాంకు, ఏ.బి.ఎస్., ఆక్సిజను, గాలి కొలత సెన్సర్లకు మొదటి రెండు రకములనే కొనుట క్షేమము.

కొనునప్పుడు గమనింపవలసినవి

పాత సెన్సరు విప్పించి, దానిమీది నంబరు, కనెక్టరు, తీగ పొడవు కొత్తదానితో పోల్చవలయును. తీగలు కోసి అతుకవలసిన ఆక్సిజను సెన్సరును కూడినంతవరకు కొనరాదు. ఆ తీగల సందునుండియే దానికి బయటిగాలి అందును గావున టంకము వేసినచో ఆ దారి మూయబడును. నంబరుతో కూడిన రసీదును, గ్యారంటీ చీటిని తీసికొని, పాత సెన్సరును ఇంటికి తెచ్చుకొనుడు.

పెట్టెమీది ముద్రను జూచి ఎక్కువ యిచ్చుట యొక నష్టము. వెలను మాత్రమే జూచి తక్కువ యిచ్చుట మరియొక నష్టము. చేసినవాడెవ్వడు, నంబరు సరియేనా, అది తప్పినచో మనకు పోవునది సొమ్మా, ప్రాణమా అని మూడు ప్రశ్నలు వేసికొని సభ్యులు కొనుగోలు చేయుదురుగాక యని కోరుచున్నాము.