చెరువు నిండితేనే పక్షులకు పురుడు
నేలపట్టుకు వచ్చేవన్నీ విదేశీ విహంగాలు కావు

సూళ్లూరుపేట: చిత్త, స్వాతి కార్తెల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే వేళకు నెల్లూరు తీరంలో పక్షుల సందడి ఆరంభమవుతుంది. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువు, దానికి చేరువలోని పులికాట్ సరస్సు వాటికి ఆశ్రయాలు. సందర్శకులు వీటన్నింటినీ 'సైబీరియా పక్షులు'గా చెప్పుకోవడం పరిపాటి. వాస్తవానికి ఇక్కడికి చేరేవి మూడు తరహాల పక్షులు.

గూడు కట్టేవి

గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు మన దేశపు పక్షులే. మిగిలిన కాలంలో ఇవి వేర్వేరు చెరువుల వెంట తిరుగుతూ, సంతానోత్పత్తి కోసం నేలపట్టుకు చేరుకుంటాయి. చెరువులోని కడప చెట్లు సగం వరకు నీట మునిగినా తట్టుకొని నిలుస్తాయి. వాటి కొమ్మలపైనే గూళ్లు వెలుస్తాయి. చుట్టూ ఉన్న నీరు కోటకు అగడ్త వంటిది. నక్కలు, అడవి పిల్లులు గూళ్ల దరి చేరలేవు. గూడబాతులు పులికాట్ వరకు ఎగిరి వెళ్లి చేపలను వేటాడి వస్తాయి. పిల్లలు తల్లి ముక్కు కింది సంచిలో తలదూర్చి ఆహారం అందుకుంటాయి.

మేతకు వచ్చేవి

సూదితోక బాతు వంటి బాతులు, పలు రకాల ఉల్లంకి పిట్టలు మధ్య ఆసియా, సైబీరియాల చలి నుంచి తప్పించుకొని వచ్చే అసలైన విదేశీ అతిథులు. ఇవి ఇక్కడ గూడు కట్టవు. శీతకాలమంతా మేసి, వేసవికి ముందే తిరుగు ప్రయాణమవుతాయి.

ఫ్లెమింగోలది వేరే దారి. గుజరాత్‌లోని కచ్ రణ్ వీటి ప్రధాన సంతానోత్పత్తి స్థలం. పులికాట్‌లోని లోతులేని ఉప్పునీటిలో ముక్కును తలకిందులుగా ముంచి, నాచును, చిన్న జీవులను వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు ఆ ఆహారం నుంచి వచ్చినదే.

రైతుకూ మేలు

1976లో నేలపట్టును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అయితే పక్షులపై గ్రామస్థుల ఆదరణ అంతకన్నా పాతది. రెట్టలు కలిసిన చెరువు నీరు ఆయకట్టు పొలాలకు ఎరువుగా ఉపయోగపడుతుంది. పక్షులు వస్తే పంట బాగుంటుందన్న నమ్మకం వెనుక ఈ కారణమే ఉంది. 2001లో ఇక్కడ ఫ్లెమింగో ఫెస్టివల్ ప్రారంభమైంది. 2022లో జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది.

నీరే ఆధారం

వానలు ముఖం చాటేసి చెరువు నిండకపోతే గూడబాతులు గూడు కట్టవు. గుడ్లు పెట్టాక నీరు ఇంకిపోతే పిల్లలకు రక్షణ ఉండదు. విదేశీ బాతుకు ఒక చెరువు ఎండితే మరో చెరువు దొరుకుతుంది. గూడబాతుకు మాత్రం ఆ ఏటి సంతతే పోతుంది. పులికాట్‌దీ ఇదే అవస్థ. సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సరస్సులోకి ఉప్పునీరు, చేపలు రావు. అప్పుడు పక్షులతోపాటు జాలర్లూ నష్టపోతారు.

చూడదలచినవారు

ఉదయం, సాయంత్రం వేళలు అనుకూలం. నేలపట్టులో నవంబరు నుంచి గూళ్లు, జనవరి నాటికి పిల్లలు కనిపిస్తాయి. శ్రీహరికోట రహదారికి ఇరువైపులా ఫ్లెమింగోలను చూడవచ్చు. కొట్టొచ్చినట్లు కనిపించే రంగుల దుస్తులు, కేకలు, హారన్లు పనికిరావు. బెదిరిన తల్లి పక్షి లేచిపోతే గూటిలోని గుడ్లు కాకుల పాలవుతాయి.