కవరు చెప్పిన పుట్టినరోజు

మా అక్కయ్య పుట్టినరోజు విషయంలో మా ఇంట్లో చాలాకాలం తగవు ఉండేది. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వ్రాసుకున్న తేదీ 1-7-1970. "కాదు, ఇది చలికాలంలో, క్రిస్మస్ ముందు పుట్టింది" అని అమ్మ అనేది గాని ఏ సంవత్సరమో చెప్పలేకపోయేది. బాప్తిస్మపు రిజిస్టరును చెదలు తినేశాయి. చివరకు సంగతి తేల్చింది నాన్నగారు తాతయ్యకు వ్రాసిన ఒక ఉత్తరం. నిజం చెప్పాలంటే ఉత్తరం కాదు, దాని కవరు.

ఉత్తరంలో తేదీ లేదు. దేవుని కృపవలన నిన్న గురువారం తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం అని మాత్రమే ఉంది. కవరు 20 పైసలది. దానిమీద అదనంగా 5 పైసల స్టాంపు అంటించి ఉంది. తపాలా ముద్రలో 10వ తేదీ, డిసెంబరు నెల కనబడుతున్నాయి గాని సంవత్సరం దగ్గర సిరా అలుక్కుపోయింది.

ఆ 5 పైసల దగ్గరే గుట్టంతా ఉంది. 1968 నుండి 1974 వరకు మామూలు ఉత్తరానికి 20 పైసలే చాలు. మరి ఈ అయిదు ఎందుకు? 1971లో తూర్పు పాకిస్తాను నుండి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. వారి పోషణకై ప్రభుత్వం 1971 నవంబరు 15 నుండి 1973 మార్చి 31 వరకు ఉత్తరాలపై 5 పైసల పన్ను వేసింది. కొత్త స్టాంపు తయారయ్యేదాకా, ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదనే శరణార్థుల సహాయం అనే మాటలు అచ్చువేసి అమ్మారు. డిసెంబరు 1న శరణార్థుల బొమ్మతో వేరే స్టాంపు వచ్చింది. నాన్నగారు అంటించింది మొదటి రకం. తాను పుట్టిన కబురును కుటుంబ నియంత్రణ స్టాంపు మోసుకెళ్లిందని అక్కయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

కనుక 1970 కాదని తేలిపోయింది. ఆ పన్ను ఉన్న కాలంలో డిసెంబరు నెలలు రెండే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది, మా కవరు మీద పిన్ లేదు. అయితే దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం, చాలామంది ఏండ్ల తరబడి పిన్ వ్రాయనే లేదు. తీర్పు చెప్పింది గురువారం. ముద్ర 10వ తేదీది గనుక 'నిన్న' అంటే 9. డిసెంబరు 9 గురువారమైంది 1971లో. 1972లో అది శనివారం. సర్వీసు రిజిస్టరులో తేదీ మారలేదు గాని, ఇంట్లో ప్రార్థన కూడిక ఇప్పుడు డిసెంబరు 9నే పెట్టుకుంటున్నాం.

మిషనెరీల కాలపు కవర్లను కూడా ఇలాగే చదవవచ్చు. 1891 నుండి ఇక్కడినుండి ఇంగ్లండుకు అర ఔన్సు ఉత్తరం వెళ్లాలంటే రెండున్నర అణాలు. 1898 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, బ్రిటిషు సామ్రాజ్యంలోని పెక్కు దేశాల మధ్య ఒక పెన్నీ తపాలా మొదలైంది. మనకు అది ఒక్క అణా. కెనడావారు ఆ సందర్భంగా ప్రపంచపటంతో, క్రిస్మస్ అనే మాటతో రెండు సెంట్ల స్టాంపు వేశారు. దీనితో కాకినాడలోని కెనడియన్ బాప్టిస్టు దొరలు అణాతో ఇంటికి వ్రాసుకోగలిగారు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టులకు, గుంటూరు లూథరన్లకు మాత్రం ఆ భాగ్యం లేదు. అమెరికా సామ్రాజ్యంలో లేదు గనుక వారికి రెండున్నర అణాలు తప్పలేదు. పదిమందికి వ్రాయవలసిన పాదిరిగారికి అది చిన్న తేడా కాదు.

స్టాంపు చాలని ఉత్తరం బేరింగు. తగ్గిన సొమ్ముకు రెట్టింపు పోస్టుమాను వసూలు చేసేవాడు, కవరు మీద ఆ అంకె కనబడుతుంది. తపాలా ముద్రలు సాధారణంగా రెండుంటాయి: స్టాంపు మీద పంపిన ఊరిది, వెనుక చేరిన ఊరిది. రెంటికీ మధ్య ఎన్ని దినాలో లెక్కపెట్టండి.

ఆల్బంకోసం పిల్లలు స్టాంపును కత్తిరిస్తే ముద్రలో సగం, దానితోపాటు తేదీ పోతాయి. పాత ఉత్తరాన్ని దాని కవరులోనే ఉంచండి. పిల్లలు మారాం చేస్తే మొన్న వచ్చిన పెండ్లి శుభలేఖ మీది స్టాంపు ఇవ్వండి.