కోయని కత్తెర

బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో పెరిగే ఫై29 వైరస్ డీఎన్‌ఏను సాగదీసి కొలిస్తే పొడవు సుమారు 6.6 మైక్రోమీటర్లు ఉంటుంది. అది ఇమడవలసిన ప్రోటీన్ పెంకు పొడవు మాత్రం 54 నానోమీటర్లే. డీఎన్‌ఏ తేలికగా వంగదు, పైగా రుణావేశం కలది కనుక దాని మడతలు ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. అందువల్ల పెంకు నిండే కొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతూ పోతుంది. 2001లో శాస్త్రజ్ఞులు లేజర్ కాంతితో ఒకే ఒక్క డీఎన్‌ఏ అణువును పట్టి వెనక్కి లాగి చూడగా, దానిని లోపలికి ఎక్కించే ప్రోటీన్ యంత్రాన్ని ఆపడానికి సగటున 57 పికోన్యూటన్ల బలం అవసరమైంది. కండరాలను కదిలించే మయోసిన్ అణువు బలం దీనిలో చిన్న భాగమే.

బ్యాక్టీరియాపై బతికే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను, చూస్తే వాటిలో చాలావాటికి ఈ ఎక్కింపు ఒక్కటే చాలదు. వాటి డీఎన్‌ఏ ప్రతులు విడివిడిగా కాక, ఒకదాని కొసకు మరొకటి అతుక్కున్న పొడవైన గొలుసుగా తయారవుతాయి. కాబట్టి ఎక్కించే యంత్రమే సమయం చూసి గొలుసును తెంచాలి. టెర్మినేజ్ అనే ఈ యంత్రపు పెద్ద ప్రోటీన్‌లో రెండు భాగాలుంటాయి: కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను విడగొట్టి డీఎన్‌ఏను లాగేది ఒకటి, కత్తెరలా కోసేది మరొకటి. లాంబ్డా ఫేజ్ నిర్ణీత స్థానంలోనే కోస్తుంది. టీ4 మాత్రం పెంకు నిండాకే కోస్తుంది కనుక ఒక జన్యు ప్రతి కంటే కాస్త ఎక్కువే లోపల చేరుతుంది.

వేర్వేరు ఫేజ్‌ల టెర్మినేజ్‌లలో అమైనో ఆమ్లాల వరుసలు ఎంతగా మారిపోయాయంటే, ఏటీపీని పట్టుకునే చోటు వంటి కొన్ని గుర్తులు తప్ప బంధుత్వానికి ఆధారం దొరకడం కష్టం. అయితే ప్రోటీన్ ముడుచుకున్న ఆకృతి వరుస కంటే చాలా నిదానంగా మారుతుంది. చుట్టరికాన్ని పట్టించేది అదే. మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లలోనూ ఇదే ఆకృతి కనిపించడాన్ని బట్టి, వాటికీ తోక గల ఫేజ్‌లకూ ఉమ్మడి పూర్వీకుడు ఉండి ఉంటాడని భావిస్తారు. హెర్పిస్ వైరస్‌లలో ఒకటైన సైటోమెగలోవైరస్‌ను అడ్డుకోవడానికి 2017లో అమెరికాలో అనుమతి పొందిన లెటర్మోవిర్ మందు గురిపెట్టేది ఈ టెర్మినేజ్‌నే.

ఈ వంశంలో ఫై29 సంగతి విచిత్రమైనది. దాని డీఎన్‌ఏ ప్రతి చివరా ఒక ప్రోటీన్ అతుక్కుని ఉంటుంది. కొత్త ప్రతి నిర్మాణం ఆ ప్రోటీన్ నుంచే మొదలవుతుంది కాబట్టి ప్రతులు విడివిడిగానే పుడతాయి, గొలుసు ఉండదు, కోయవలసిన పనీ ఉండదు. అయినా 2020లో ప్రచురితమైన నిర్మాణ పరిశోధన ప్రకారం, దాని యంత్ర ప్రోటీన్ చివరి భాగంలో కోసే భాగపు మడత అలాగే ఉంది. కోసే గుణం మాత్రం లేదు. టెర్మినేజ్‌ల కత్తెర నుంచే ఇది వచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల అభిప్రాయం. పనికిరాని అవశేషమని దీనిని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే కోత పోయినా డీఎన్‌ఏను పట్టుకునే గుణం దానికి పోలేదు, యంత్రంలో అది డీఎన్‌ఏను నేరుగా తాకుతూనే ఉంది.